పాత తీగ, పాత బియ్యం, పాత చింత

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న షాపుకెళ్లి వైన్ అడిగి చూడండి. కౌంటర్లో మనిషి మిమ్మల్ని పైనుంచి కిందకి ఒకసారి చూస్తాడు. బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది. బోర్డు మీద రాసిన సరుకు మాత్రం ఉండదు. మహా అయితే ఏ మూలనో దుమ్ము పట్టిన పోర్టు సీసా ఒకటి, దగ్గుమందుకి చక్కెర ఎక్కువైనట్టు. ఆత్మకూరులో పెరిగిన నాకు ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా వైన్ అంటే ఆ సీసానే.

తర్వాత మా టీమ్‌లో ఒకతను అడిలైడ్‌లో క్లయింట్ దగ్గర ఆరు నెలలుండి వస్తూ ఒక రెడ్ వైన్ తెచ్చాడు. బరోసా లోయ, షిరాజ్ ద్రాక్ష. లేబుల్ మీద రెండు సంవత్సరాలున్నాయి. పంట ఏడాది 2008. తీగ నాటిన ఏడాది 1912. అంటే వైన్ నేను ఆరో తరగతిలో ఉన్నప్పటిది, తీగ మా జేజికి జేజి కాలం నాటిది. సీసా మీద తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ చూడ్డం అలవాటైన కళ్లకి ఇది వింతగానే ఉంటుంది కదా. ఎక్స్‌పైరీ ఎక్కడా లేదు. పైగా పాతది అని చెప్పుకుని మురిసిపోతున్నారు.

ఆ పాతకి అంత మోజెందుకు, అందులో నిజమెంత, డాబెంత అన్నదే ఈ వారం సంగతి. తాగమని చెప్పడానికి రాయడం లేదు. ఇది చదివి ఎవరూ ఆర్డర్ పెట్టక్కర్లేదు. నాకు ఆ గ్లాసు దగ్గర మొదలైన ఆలోచన ఉదయగిరి దగ్గర మా చింతతోపులోకి వెళ్లి ఆగింది, అందుకని రాస్తున్నా.

ముందు గ్లాసు. కొత్త రెడ్ వైన్ నేరేడు రంగులో ఉంటుంది. ఇది గ్లాసు అంచు దగ్గర ఇటుక రంగుకి తిరిగింది. మావాడు ఫోన్లో వాసనల పట్టిక చదువుతున్నాడు: తోలు, పుట్టగొడుగు, ఎండు అంజీర్, పొగాకు. చివరి మాట విని ముక్కు పెట్టా. నిజమే. కలిగిరి వైపు పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పుడు మొహాన కొట్టే వాసన తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. కాల్చిన సిగరెట్ కంపు కాదది. ఆకు పండి, ఎండి, తేనె రంగుకి వచ్చాక వచ్చే తియ్యటి వాసన. వైన్ పుస్తకాలు రాసే పెద్దమనుషులకి ఆ వాసన చుట్టల పెట్టెలో దొరుకుతుందట. మా మెట్ట పిలకాయలకి అది వేసవి సెలవుల్లోనే దొరికింది. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల పక్కనుంచి బస్సులో పోయినా చాలు.

ఇప్పుడు నాలుక మాట. రెడ్ వైన్‌కి సరైన మాట ఇంగ్లీషులో వెతుక్కుంటారు గానీ మనకి ఉగాది పచ్చడిలోనే ఉంది. వగరు. నేరేడు పండ్లు ఓ గుప్పెడు తిన్నాక నాలుక పట్టేసినట్టు, నోరు ఎండినట్టు ఉంటుంది చూడండి, అది టానిన్ల పని. ద్రాక్ష తొక్కలో, గింజలో అవే ఉంటాయి. తెల్ల వైన్‌కి తొక్క తీసేస్తారు, ఎర్ర వైన్‌ని తొక్కతోనే పులియబెడతారు. అందుకే ఎర్రదానికి రంగూ ఉంటుంది, వగరూ ఉంటుంది. కొత్త సీసాలో ఆ వగరు చెంపలు లోపలికి లాగేస్తుంది.

సీసాలో ఏళ్ల తరబడి ఉండేసరికి టానిన్లు ఒకదానికొకటి, రంగు పదార్థాలతోనూ అతుక్కుని పెద్దవవుతాయి. బరువెక్కినవి అడుక్కి దిగి మడ్డిగా కూచుంటాయి. వగరు మెత్తబడుతుంది, రంగు పలచబడుతుంది. పండు వాసన వెనక్కి తగ్గుతుంది, దాని కింద అణిగి ఉన్నవి పైకొస్తాయి. కొత్తగా ఏదో వచ్చి చేరిందనడం కన్నా గట్టిగా మాట్లాడేవాడు నోరు మూసుకుంటే వెనక బెంచీవాళ్ల మాట వినపడినట్టు అనడం నయం.

ఇందులో ఒక పిట్టకథ ఉంది, అది ఎవరూ రీల్‌లో చెప్పరు. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఏడాది రెండేళ్లలో తాగెయ్యడానికే చేస్తారు. దాన్ని దాచితే పండదు, చస్తుంది. దాచితే బాగుపడాలంటే మొదట్లోనే పులుపూ వగరూ దండిగా ఉండాలి, దాచే చోటు 12-15 డిగ్రీల దగ్గర స్థిరంగా, చీకటిగా ఉండాలి. మే నెలలో మా ఆత్మకూరు మిద్దె మీద ఒక్క వారం పెడితే ఎంత గొప్ప సీసా అయినా పులుసుకి కూడా పనికిరాదు.

సరే, వైన్ పాతబడటం రసాయనశాస్త్రం. తీగ పాతబడితే ఏంటి లాభం? ఇక్కడే కథ రంజుగా ఉంటుంది.

ద్రాక్షతీగ ముప్ఫై ఏళ్లు దాటాక కాపు తగ్గిస్తుంది. గుత్తులు తక్కువ. మాను మాత్రం మనిషి నడుమంత లావవుతుంది, అందులో నిల్వ ఉంటుంది. వేళ్లు లోతుకి పోయి ఉంటాయి కాబట్టి ఒక ఏడాది వాన ముందొచ్చినా, ఒక ఏడాది మొహం చాటేసినా అంతగా కంగారు పడదు. లేత తీగ ప్రతి సీజన్‌కీ ఎగిరెగిరి పడుతుంది, పాతది ఏటేటా ఒకే తీరున కాస్తుంది. తక్కువ పండుకి ఎక్కువ సత్తువ అందుతుందని రైతులు అంటారు. స్లొవేనియాలో మారిబోర్ అనే ఊళ్లో ఒక ఇంటి గోడకి పాకిన తీగ ఉంది. 400 ఏళ్లు దాటింది, ఇంకా కాస్తూనే ఉంది, గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. దాని వైన్ అమ్మరు. బుల్లి సీసాల్లో పోసి ఊరికొచ్చిన పెద్ద అతిథులకి కానుకగా ఇస్తారు.

యూరప్‌లో అలాంటివి అరుదు. 1860ల్లో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌లోకి దిగింది. వేళ్లు పట్టి తోటలకి తోటలు చంపేసింది. చివరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద తమ ద్రాక్షని అంటు కట్టుకుని బతికారు. దక్షిణ ఆస్ట్రేలియాలోకి ఆ పురుగు రాలేదు. అందుకే బరోసాలో 1843లో నాటిన షిరాజ్ తీగలు సొంత వేళ్ల మీద ఇంకా నిలబడి ఉన్నాయి. 2009లో వాళ్లు ఒక చార్టర్ రాసుకున్నారు: 35 ఏళ్లు దాటితే ‘పాత’, 70 దాటితే ‘బతికి బట్టకట్టినది’, 100 దాటితే ‘శతాయువు’, 125 దాటితే ‘పూర్వీకురాలు’. మన పెన్షన్ పథకాలకి కూడా ఇంత చక్కని పేర్లు లేవు.

ఇంజినీరు బుర్ర ఊరుకోదు కదా. నాకు వెంటనే వచ్చిన అనుమానం ఇది. పాతది కాబట్టి మంచిదా, లేక మంచిది కాబట్టి పాతబడేదాకా ఉండనిచ్చారా? చెత్త పండు కాసే తీగని రైతు నలభయ్యో ఏడు దాకా ఎందుకు ఉంచుతాడు? పీకి వేరేది పెడతాడు. వందేళ్లకి మిగిలినవన్నీ మంచి నేలలో పడ్డ మంచి తీగలే అయ్యుంటాయి. మనం వాటిని చూసి ‘వయసు మహిమ’ అంటున్నాం. పాత సినిమా పాటలన్నీ గొప్పవి అనడం కూడా ఇలాంటిదే. ఆ కాలంలో వచ్చిన నాసిరకం పాటలు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు, అంతే.

ఈ లెక్కతో నేను మావాడిని ఓడించాననే అనుకున్నా. అతను ఒక్క సంగతి చెప్పి నా లెక్కకి బొక్క పెట్టాడు. 1980ల మధ్యలో ఆస్ట్రేలియాలో ద్రాక్ష ఎక్కువై ధర పడిపోయింది. దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం తీగలు పీకిన రైతుకి డబ్బిస్తామంది. జనానికి అప్పట్లో వేరే రకాల మీద మోజు, షిరాజ్‌ని అడిగే దిక్కు లేదు. టన్నుల లెక్కన చూస్తే తక్కువ కాసేవి ముసలి తీగలే, ముందు పీకినవీ అవే. అంటే నేలా రుచీ చూసి తీసిన తీర్పు కాదది, ఆ ఏటి ధర తీసిన తీర్పు. వందేళ్లవి మంచివే పోయాయి. పదిహేనేళ్లు తిరక్కుండా అదే షిరాజ్ కోసం ప్రపంచం ఎగబడింది. పీటర్ లేమన్ లాంటి వైన్ తయారీదారులు గిరాకీ లేని రోజుల్లో కూడా రైతుల దగ్గర పండు కొంటూ ఉండబట్టి కొన్ని మిగిలాయి. డబ్బిచ్చి పీకించిన తీగని ఎంత డబ్బిచ్చినా వెనక్కి తెచ్చుకోలేం, వందేళ్లు ఆగాలి. బ్యాకప్ లేని డిలీట్ అన్నమాట.

ఇక మన వైపు. మనకి వైన్ సంప్రదాయం లేదు గానీ, పాతని పండించుకుని తినే సంప్రదాయం నెల్లూరు జిల్లాలో కావలసినంత ఉంది. పెళ్లి వంటకి కొత్త బియ్యం తెస్తే వంటాయన గొడవ పెట్టుకుంటాడు. అన్నం ముద్దవుతుంది, ఎసరు తప్పుతుంది. కనీసం ఏడాది పాతవి కావాలి. కారణం వైన్‌లో లాంటిదే. నిల్వలో బియ్యపు మాంసకృత్తులు, కొవ్వు నెమ్మదిగా మారతాయి, గింజ గట్టిపడుతుంది. అప్పుడు నీళ్లు ఎక్కువ తాగుతుంది, పొడుగు సాగుతుంది, మెతుకు మెతుకుకీ అంటుకోదు. పాత బియ్యం ‘ఒదుగు’ ఎక్కువ అనేది అందుకే.

పాత బియ్యంతో పాటు పాత రకం కూడా. నెల్లూరు మొలగొలుకులు అంటే మద్రాసు దాకా పేరు. సన్నగింజ, కాలం ఎక్కువ తీసుకునే పంట, పైరు ఎత్తుగా పెరిగి పడిపోతుంది, ఎకరానికి కొత్త వంగడాలంత రాదు. నెల్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, అదే నెల్లూరు మసూరి, త్వరగా చేతికొస్తుంది, బాగా దిగుబడినిస్తుంది. రైతు దేన్ని వేస్తాడో చెప్పక్కర్లేదు. తప్పు పట్టడానికీ లేదు. నేను రోజూ తినేదీ అదే, కమ్మగానే ఉంటుంది. కాకపోతే మొలగొలుకుల వడ్లని పురి కట్టి ఏడాది ఆపి దంపించి తిన్న నోళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన నోళ్లు. ఆ రుచికి సాక్షులు తగ్గిపోతున్నారు.

ఇక చేపల పులుసు గురించి నెల్లూరోడు చెప్పకుండా ఆగలేడు. పొద్దున చేసిన పులుసు మధ్యాహ్నం తినేవాడు తొందరపాటు మనిషి. రాత్రంతా మట్టిచట్టిలో ఊరి, మర్నాడు నూనె పైకి తేలాక తినాలి. కారం, పులుపు, చేప ఎవరి దారిన వాళ్లు అరుస్తున్నవి ఆ రాత్రిలో ఒక మాట మీదకొస్తాయి. మా ఇంట్లో దానికి పాత చింతపండే వాడతారు. ఏడాది తిరిగి, గోధుమరంగు పోయి నల్లబడింది. “కొత్త చింతపండు పులుపు నాలిక మింద నిలవదు అబ్బయ్యా, ఎగిరిపోతాది” అంటుంది జేజి. ఉగాది పచ్చడికి మాత్రం కొత్తదే కావాలి, అక్కడ రాజీ లేదు.

ద్రాక్షకైతే మన దగ్గర వయసు లేదు. హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన పెరట్లో పెంచి పరిచయం చేసిన అనాబ్-ఇ-షాహి ద్రాక్ష దక్షిణాదంతా పాకింది. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటలుండేవి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి, అందులో ఒకదాని తొమ్మిదో అంతస్తులో కూర్చుని నేను ఇది టైప్ చేస్తున్నా. అదీ తినే ద్రాక్షే, వైన్‌ది కాదు. పైగా దక్కన్ ఎండలో తీగకి చలికాలపు నిద్ర ఉండదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి ఏడాదికి ఒక పంట తీస్తారు. ఏడాది పొడుగునా డ్యూటీ. అలా నిద్రలేకుండా పనిచేసే తీగ వందేళ్లు ఉండదు. నైట్ షిఫ్టుల వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

మరి మన నేల మీద వందేళ్లు నిలబడి కాసేది ఏది అని చూస్తే, ఉదయగిరి కొండ కింద ఎటు చూసినా కనపడేది చింతే. నీళ్లు పెట్టక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు. మూడు తరాలు తింటుంది ఒక చెట్టు.

మాకు అక్కడ తొమ్మిది చెట్లున్నాయి. ఉమ్మడివి. సంక్రాంతికి ఇంటికి పోతే చిన్నాయన ఫోన్ తీసి చూపించాడు. కట్టెల వ్యాపారి తొమ్మిదింటికీ కలిపి ధర చెప్పాడట. మా చెల్లెలి ఇంజినీరింగ్ ఫీజు ఒక ఏడాదికి సరిపోయే డబ్బు. చెట్లు పోతే ఆ జాగాలో డ్రిప్ వేసి నిమ్మ పెట్టాలని ఆయన ఆలోచన. నిమ్మ నాలుగో ఏట నుంచి డబ్బు చూపిస్తుంది. చింతకేమో దులపడానికి చెట్టెక్కే మనిషి దొరకడం లేదు. దొరికినా ఆ కూలికీ, గింజ తీసి కొట్టే ఆడవాళ్ల కూలికీ కలిపి వచ్చింది వచ్చినట్టే పోతోంది. “నువ్వు హైదరాబాదులో కూచోని చెట్టు చెట్టు అంటావు. ఎక్కేదెవురు, నువ్వు ఎక్కతావా?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు ఎత్తంటే భయం.

కట్టె ఎక్కడికి పోతుందని అడిగా. లావు మానులు మటన్ కొట్లకి మొద్దులుగా. చింత మొద్దు కత్తికి చీలదు కదా. మిగతా కొమ్మలు పొగాకు బ్యారన్లకి. బ్యారన్ పొయ్యిలో రాత్రీ పగలూ మండాలి కాబట్టి కట్టె ఎంతున్నా చాలదు. ఆ మాట విన్నాక ఆ గ్లాసులో నాకు నచ్చిన వాసన వెనక కట్టె కూడా గుర్తొచ్చింది. ఏం చెయ్యను, వాసన బాగుండేది.

నాకు అప్పుడు దక్షిణాఫ్రికా సంగతి తట్టింది. అక్కడా ముసలి తీగలది ఇదే బాధ. తక్కువ కాపు, టన్ను లెక్కన ధర, రైతుకి నష్టం. రోజా క్రూగర్ అనే ఆవిడ ఊరూరా తిరిగి పాత తోటల జాబితా కట్టింది. 2016లో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ మొదలైంది. 35 ఏళ్లు దాటిన తోట పండుతో చేసిన వైన్ సీసా మీద, తీగ నాటిన ఏడాది వేసి ముద్ర కొడతారు. అంతే. రైతుకి ఉపన్యాసం ఇవ్వలేదు, వారసత్వం అని ఏడవలేదు. వయసుని కనపడేలా లేబుల్ మీదకి తెచ్చారు, కొనేవాడు దానికి డబ్బిచ్చాడు, తీగ బతికింది. నాణ్యత సంగతి ఎంత వాదించుకున్నా ఈ భాగంలో తిరుగులేదు. మన చింతపండు అంగడికి పోయేసరికి వందేళ్ల చెట్టుదీ పదేళ్ల చెట్టుదీ ఒకే గోతంలో పడుతుంది. ఒకే ధర. అప్పుడు ముసలి చెట్టుని ఉంచమని ఎవరికి చెప్పగలం?

అయితే రుచిలో తేడా ఉందా లేదా ముందు తేలాలి. ఇంట్లో పరీక్ష పెట్టా. చెరువు వైపున్న రెండు పెద్ద మానుల కాయ, గట్టు మీద నాన్న చిన్నప్పుడు మొలిచిన చెట్ల కాయ, ఆత్మకూరు అంగట్లో కొన్నది. మూడూ ఆ ఏటివే, అదే తూకం, అవే నీళ్లు, ఉప్పు కూడా లేదు. మూడు గిన్నెలు, అడుగున నంబర్లు. ఉదయగిరి కొయ్య గరిటెలతో రుచి చూడమన్నా, స్టీలు చెంచా పులుపులో వేలు పెడుతుందని జేజి షరతు. నాన్న మూడూ ఒకటే అన్నాడు. అమ్మ అంగడిదాన్ని పట్టేసింది. జేజి మూడుసార్లు గిన్నెలు మార్చి పెడితే రెండుసార్లు పెద్ద మాను గిన్నె పట్టుకుంది, ఒకసారి తప్పింది. చిన్నాయన పరీక్షకి రాలేదు గానీ, నేను చూడనప్పుడు మూడు గిన్నెల్లోనూ వేలు ముంచడం అమ్మ చూసింది.

మూడింట రెండు అంటే గణాంకాల ప్రకారం ఏమీ తేలనట్టే. మా ఆఫీసులో ఇంతకన్నా తక్కువ డేటాతో ఫీచర్లు రిలీజ్ చేశారు, అది వేరే విషయం.

చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ. గట్టు మీద చెట్లలో మూడు పోతాయి, చెల్లెలి మొదటి సెమిస్టర్‌కి. మిగతా ఆరూ శివరాత్రి తర్వాత ఒక కాపు దాకా ఆగుతాయి. పెద్ద మానుల కాయ వేరుగా దులిపించాలి, చెట్టెక్కే మనిషి కూలి నేను పెట్టుకోవాలి. గింజ తీసి, ఉప్పు కలిపి, కుండల్లో పెట్టి ఏడాది ఆపాలి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసులో అడిగితే పద్నాలుగు మంది కిలో చొప్పున రాయించుకున్నారు, అంగడి ధరకి రెట్టింపు చెప్పినా. చిన్నాయన ఆ లిస్టు రెండుసార్లు చదివి, “వీళ్లు డబ్బులు ముందే ఇస్తారా?” అన్నాడు. ముందే తీసుకున్నా.

మొన్న కుండలకి మూత కట్టారు. మీద ఏడాది రాయమన్నా. పంట ఏడాది సరే, చెట్టు ఏడాది కూడా రాయాలన్నా. పుట్టిన తేదీ ఎవరికి తెలుసు! జేజిని అడిగితే, తను 1962లో కాపురానికి వచ్చేసరికే ఆ చెట్టుకి ఊయల కట్టి ఉందంది. చిన్నాయన సున్నంలో పుల్ల ముంచి కుండ మీద ‘1962కి ముందు’ అని రాశాడు.